కొలిచిన తేదీ

2024 మార్చి 14, గురువారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు మా తమ్ముడు ముందుగా ఫోన్ చేయకుండా వచ్చి తలుపు కొట్టాడు. నేను ముందు గదిలో కూర్చుని కందిపప్పు ఏరుతున్నాను. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, రెండో అంతస్తులో మా ఇల్లు. మెట్లు ముప్పై ఆరు. వాడికి అప్పటికి అరవై నాలుగేళ్ళు. అయినా ఆయాసపడకుండా వచ్చి నిలబడ్డాడు. చంకలో చుట్టిన కాగితం ఒకటి ఉంది.

"అక్కా, నీ పెన్నులు ఇంక ఉన్నయా, పారేసినవా?" అన్నాడు. కాళ్ళు కూడా కడుక్కోలేదు.

నా పెన్నులంటే డ్రాయింగు పెన్నులు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేశాను. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిచ్చిన కాలవలనూ తూములనూ నల్ల సిరాతో శుభ్రంగా తిరగ గీయడం మా పని. ప్రతి డ్రాయింగుకూ కుడివైపు కింది మూలన ఒక గడి ఉంటుంది. అందులో నాలుగు వరుసలు: కొలిచినది, గీసినది, సరిచూసినది, ఆమోదించినది. ప్రతి వరుసలోనూ సంతకం, తేదీ ఉండాలి. ఎండాకాలంలో కొలిచిన వాగు వేరు, వానాకాలంలో కొలిచిన వాగు వేరు. తేదీ లేని అంకె ఏ కాలానిదో ఎవరూ చెప్పలేరు. అందుకని కొలిచిన తేదీ లేకుండా ఒక్క కాగితం కూడా నా బల్ల దాటి వెళ్ళలేదు. పెద్ద పెద్ద ఇంజనీర్లను కూడా "ఎప్పుడు కొలిచారు సార్?" అని వెనక్కి పంపాను. నా వెనకాల నన్ను తేదీ మేడం అనేవారు. నాకు వినపడేది. కోపం రాలేదు.

మా నాన్న 1956లో కోస్తా నుంచి గుమస్తాగా ఇక్కడికి వచ్చాడు. అప్పటికి నాకు ఐదేళ్ళు. తమ్ముడు నాలుగేళ్ళ తర్వాత ఇక్కడే పుట్టాడు. ఇంట్లో మేమంతా ఒక రకంగా మాట్లాడితే వాడు నాంపల్లి గల్లీ మాటే మాట్లాడేవాడు. పెళ్ళి చేసుకోలేదు. అబిడ్స్‌లో ఒక ఆటసామాన్ల దుకాణంలో ఇరవై ఏడేళ్ళు పనిచేశాడు. క్యారం బోర్డులు, బ్యాట్లు, బంతులు అమ్మాడు. 2016లో ఆ దుకాణం మూసేశారు. అప్పుడు వాడు ఎవరినీ అడక్కుండా వెళ్ళి, కోస్తాలో ఒక జాలరిపేట పక్కన, సముద్రానికి ఎదురుగా రెండు గదుల ఇల్లు కొన్నాడు. తర్వాతి సంవత్సరం, యాభై ఏడేళ్ళ వయసులో, అల మీద బల్ల వేసుకుని నిలబడడం నేర్చుకున్నాడు. సర్ఫింగ్ అంటారు దాన్ని. నాకు మొదట చెప్పినప్పుడు నడుం విరుగుతుందని తిట్టాను.

"ఇరగలే అక్కా. ఇరవై ఏడేండ్లు నిలబడి బ్యాట్లు అమ్మిన నడుము ఇది" అన్నాడు.

తర్వాత దాన్ని నేర్పడం మొదలుపెట్టాడు. శని, ఆదివారాలు పట్నాల నుంచి వచ్చే వాళ్ళకు, మిగతా రోజుల్లో పేట పిల్లలకు. పేట పిల్లల దగ్గర ఏమీ తీసుకునేవాడు కాదు. వాళ్ళు పద్నాలుగు మంది.

ప్రతి శనివారం సాయంత్రం ఆరు గంటలకు నాకు ఫోన్ చేసేవాడు. చెయ్యగానే మొట్టమొదట చెప్పేది అడుగులు. వాడి గుమ్మం నుంచి తడి ఇసుక దాకా ఎన్ని అడుగులు పడితే అన్నీ లెక్కపెట్టి చెప్పేవాడు. నేను నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకునేదాన్ని. 2016 డిసెంబరులో నూట పద్దెనిమిది. 2024 మార్చి మొదటి శనివారం అరవై రెండు.

ఆ రోజు వాడు చంకలో పెట్టుకుని వచ్చిన కాగితం ఆ అడుగుల గురించే.

అన్నం తింటూ చెప్పాడు. "గిట్లనే పోతే ఇంకో నాలుగేండ్లల్ల సముద్రం నా మంచం కిందికొస్తది. సర్కారోళ్ళు ఒడ్డుకు బండరాళ్ళు పోస్తమంటున్రు. పోస్తే ఇల్లు ఉంటదేమో గాని ఇసుక ఉండదు, పడవలు లాగే జాగ ఉండదు, పిల్లలు నీళ్ళల్లకు దిగే దారి ఉండదు. అందుకని పేట జాలరి సంఘపోళ్ళం అందరం కలిసి రీఫ్ కడదామనుకుంటున్నం."

"రీఫ్ అంటే?"

"నీళ్ళ కింద దిబ్బ. పైకి కనపడదు. బావుల్ల దింపుతరు చూడు, సిమెంటు వరలు, గవి పడవల మీద తీస్కపోయి లోపల పేరుస్తం. అల ఒడ్డుదాక రాకముందే ఆ దిబ్బకు తగిలి ఇరుగుతది. ఒడ్డుకొచ్చేవరకు దాని బలం సగం పోతది. ఇసుక ఏడిదాడ నిలుస్తది. ఇగ దిబ్బ మీద ఇరిగే అల ఉన్నది కదా, అది రోజూ ఒక్క తీరుగ ఇరుగుతది. పిల్లలకు గంతకన్న మంచి బడి ఉండదు అక్కా."

వాడి దగ్గర సర్ఫింగ్‌కి వచ్చిన ఒక ఇంజనీరు అమ్మాయి ఆ కాగితం మీద లెక్క రాసిచ్చింది. ఒడ్డు నుంచి అలలు విరగడం మొదలయ్యే చోటు ఎంత దూరమో కొలవాలి. దానికి తక్కువలో తక్కువ ఒకటిన్నర రెట్లు దూరంలో దిబ్బ పెట్టాలి. అంతకన్నా దగ్గరగా పెడితే, దిబ్బను దాటి వచ్చిన నీళ్ళు వెనక్కి పోవడానికి దారిలేక రెండు పక్కలకూ చీలిపోతాయి. పోతూ పోతూ ఒడ్డు ఇసుకను ఊడ్చుకుపోతాయి. కాగితంలో ఇదంతా వివరంగా ఉంది. నేను రెండుసార్లు చదివాను.

"విరిగే చోటు ఎంత దూరం?" అని అడిగాను.

"డెబ్బై మీటర్లు. తాడు కట్టి కొలిచిన."

డెబ్బైకి ఒకటిన్నర రెట్లు నూట ఐదు. నూట ఐదు మీటర్ల దగ్గర దిబ్బ. నేను రాసుకున్నాను. అంతే. ఎప్పుడు కొలిచావురా అని అడగలేదు.

ఎందుకు అడగలేదో ఇప్పటికీ వెతుక్కుంటున్నాను. వాడు వచ్చాడన్న సంతోషం కావచ్చు. పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ ఒక డ్రాయింగు నా బల్ల మీదికి వచ్చింది, అది కావచ్చు. కారణం ఏదైనా అడగలేదు.

ఏడు రోజులు గీశాను. అన్నం తినే బల్ల మీద పరిచిన గుడ్డ తీసేసి, పాత స్కేలు, పాత పెన్నులు కడిగి పెట్టుకున్నాను. కళ్ళద్దాల మీద ఇంకో కళ్ళద్దాలు పెట్టుకున్నాను. వాడు ఎదురుగా కూర్చుని ఒడ్డు ఎక్కడ వంగుతుందో, పడవలు ఎక్కడ లాగుతారో చెప్తూ ఉండేవాడు. పక్కింటావిడ, పుట్టినప్పటి నుంచి ఈ గల్లీలోనే ఉన్న మనిషి, పెరుగు అడగడానికి వచ్చి బల్ల మీదికి వంగి చూసింది.

"ఏందమ్మా ఇది, నాంపల్లిల కూసొని సముద్రం గీస్తున్నవా?"

"ఔ వదినా" అన్నాడు మా తమ్ముడు. "నువ్వు గూడ రా, నీకొక బల్ల ఇస్త. నిలబడనీకె నేర్పుత."

"నేను మూసీలనే దిగలే, సముద్రంల దిగుతనా? ముందు నీ అక్కను నిలబెట్టు, మేము చూస్తం" అంది. ఆ రోజు ముగ్గురం చాలాసేపు నవ్వాం. మా ఇంట్లో అంత నవ్వు ఈ మధ్య లేదు.

డ్రాయింగు పూర్తయ్యాక అబిడ్స్ తీసుకెళ్ళి పెద్ద సైజు ప్రతులు నాలుగు తీయించాం. దార్లో వాడు తన పాత దుకాణం ముందు ఆగాడు. ఇప్పుడక్కడ చీరలు అమ్ముతున్నారు. లోపలికి తొంగి చూసి, "మూలకు క్యారం బోర్డులు పెట్టేటోణ్ణి" అని మాత్రం అన్నాడు.

మార్చి 22, శుక్రవారం. అనుమతి కోసం డ్రాయింగు ఇవ్వవలసిన కేంద్ర ప్రభుత్వ ఆఫీసు మా ఇంటికి నడిచివెళ్ళే దూరంలోనే ఉంది. ఒంటి గంట ఇరవై నిమిషాలకు మా వంతు వచ్చింది. ఒంటిగంటన్నరకు లంచ్ అని కిటికీ మీద రాసి ఉంది. మా వెనక ఆరుగురున్నారు. కిటికీ అవతల కూర్చున్నాయన కాగితం విప్పి చాలాసేపు చూశాడు.

"చేతితోని గీసిన్రా? ఎవరు గీసిన్రు?"

"నేనే" అన్నాను.

"మస్తుంది అమ్మా. మాకు కంప్యూటర్ల చేసినవి వస్తయి, గీతలు గీతల మీద పడుతయి. గిట్లాంటిది చూసి శానా రోజులయింది." పక్క సీటతన్ని పిలిచి చూపించాడు. ఆ తర్వాత కింది మూలన వేలు పెట్టాడు. "గీడ ఖాళీ ఉన్నది. కొలిచిన తేదీ."

గీసేటప్పుడు ఆ వరుస నేను చివర్లో రాద్దామని వదిలేశాను. తర్వాత మరిచిపోయాను. తమ్ముడు నా పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. వాడి వైపు తిరిగి రెండు మాటలు అడిగితే సరిపోయేది. నా వెనక ఆరుగురు ఉన్నారు, వాడి రైలు ఆ సాయంత్రమే ఉంది, లంచ్‌కి ఇంకా ఐదు నిమిషాలు ఉంది. నేను పెన్ను తీసి ఆ రోజు తేదీ రాశాను. 22-3-2024. వాడి పేరు రాసి, కింద సంతకం పెట్టమని వాడికి పెన్ను ఇచ్చాను. వాడు పెట్టాడు.

ముప్పై ఒక్క సంవత్సరాల్లో నేను ఎన్నడూ చేయని పని అది. కొలవని రోజును కొలిచిన రోజు అని రాశాను. తర్వాత ఇద్దరం స్టేషన్ ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిన్నాం.

అనుమతి ఎనిమిది నెలలకు వచ్చింది. 2025 జనవరి 20న వరలు దింపడం మొదలుపెట్టారు, ఫిబ్రవరి 8న పూర్తిచేశారు. నాలుగు వందల పన్నెండు వరలు. పేటలోని పడవలన్నీ వంతులవారీగా మోశాయి. దిబ్బ పొడవు అరవై మీటర్లు.

మార్చి 9, ఆదివారం, వాడు వీడియో కాల్ చేశాడు. నేనూ పక్కింటావిడా ఒక్క ఫోన్‌లో తలలు ఆనించి చూశాం. ఒడ్డు నుంచి పెద్దగా దూరం లేని చోట తెల్లగా ఒక గీత లాగా అల విరుగుతోంది. నా డ్రాయింగులో ఎక్కడ గీశానో సరిగ్గా అక్కడే. పిల్లలు వరసగా బల్లల మీద పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ వెళ్ళి, అల రాగానే లేచి నిలబడుతున్నారు.

"గా చిన్న పోరిని చూడున్రి, ఎట్ల నిలబడ్డదో" అంది పక్కింటావిడ. "అది పడకుండనే ఒడ్డుకొచ్చింది."

"అది ఎనిమిదేండ్ల పిల్ల వదినా. పోయినేడు దూరం పోలేకపోయింది. ఇప్పుడు అల దాని దగ్గరికే వస్తున్నది" అన్నాడు తమ్ముడు. గాలి హోరులో అరుస్తున్నాడు. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి.

మే 31, శనివారం నాటికి అడుగులు డెబ్బై ఒకటి. తొమ్మిది అడుగులు పెరిగాయి. ఆ అంకె చుట్టూ నేను ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. నా పుస్తకంలో అలా చుట్టింది అదొక్కటే.

జూన్‌లో గాలి మారింది. నైరుతి నుంచి పెద్ద అలలు మొదలయ్యాయి. జూన్ 28న అడుగులు నలభై తొమ్మిది. ఏటా వానాకాలంలో కొంత తగ్గడం, సంక్రాంతి నాటికి మళ్ళీ పెరగడం ఉన్నదే కాబట్టి భయపడలేదు. జూలై 12న ముప్పై. జూలై 26న పదిహేడు. ఆ శనివారం వాడు మాట్లాడుతుంటే వెనక సముద్రం గదిలోనే ఉన్నట్టు వినపడింది.

"దిబ్బ ఉంది కదరా, మరి ఇదేమిటి?" అన్నాను.

"దిబ్బ ఉన్నది. దాని ఎనుకనే తవ్వుతున్నది అక్కా. అటు ఇటు ఊర్ల ఒడ్డు బాగనే ఉన్నది. మా కాడనే పోతున్నది" అన్నాడు. వెంటనే, "ఫికర్ చెయ్యకు, తిన్నవా?" అన్నాడు.

దిబ్బకు రెండు పక్కలా నీళ్ళు వెనక్కి లాగే వేగానికి పిల్లలు దిగకుండా ఎర్ర జెండాలు పాతారు. ఆగస్టు 9న ఆరు అడుగులు. ఆగస్టు 16, శనివారం, సాయంత్రం ఆరు గంటలకు ఫోన్ రాలేదు. ఏడుంబావుకు వచ్చింది. మధ్యాహ్నం ముందు గది గోడ పడిపోయిందని చెప్పాడు. అడుగులు చెప్పలేదు. నేను అడగలేదు. ఆ తేదీ ఎదురుగా గీత గీసి వదిలేశాను.

ఆగస్టు 23న ఒక బ్యాగుతో మా ఇంటికి వచ్చాడు. ఈసారి ముప్పై ఆరు మెట్లలో రెండుసార్లు ఆగాడు. పొద్దున్నే లేచి బాల్కనీలో కూర్చుని స్టేషన్‌లోంచి బయటికొచ్చే జనాన్ని చూసేవాడు. స్నానానికి బకెట్టులో నీళ్ళు పెడితే చల్లారేదాకా అలాగే ఉండేవి. పక్కింటావిడ రోజూ ఏదో ఒక వంకతో వచ్చి, "ఏమయ్యా, నా బల్ల ఏది, ఇస్తనంటివి?" అని నవ్వించాలని చూసింది. వాడు నవ్వేవాడు, మళ్ళీ స్టేషన్ వైపు తిరిగేవాడు.

సెప్టెంబరు 18, గురువారం. వాడు మందులకు బయటికి వెళ్ళినప్పుడు నేను నా డ్రాయింగు ప్రతి తీసి బల్ల మీద పరిచాను. ఎక్కడో తప్పుంది. అది నాకు ఆగస్టు నుంచి తెలుసు. గీతలన్నీ స్కేలు పెట్టి చూశాను. దిబ్బ పొడవు సరిగ్గానే ఉంది. దూరం సరిగ్గానే ఉంది. అప్పుడు నా శనివారం పుస్తకం పక్కన పెట్టుకున్నాను. తొమ్మిదేళ్ళ అడుగులు. ప్రతి సంవత్సరం మార్చిలో సముద్రం మిగతా నెలలకన్నా నెమ్మదిగా, దూరంగా ఉంది. ప్రతి సంవత్సరం జూలైలో దగ్గరికి వచ్చింది. సముద్రానికి కాలాలున్నాయని నా చేతిరాతే చెబుతోంది. ఆ పుస్తకం నేను గీసిన ఏడు రోజులూ అదే బల్ల మీద, నా మోచేతి పక్కనే ఉంది.

నెమ్మదిగా ఉన్న సముద్రంలో అల ఒడ్డుకు దగ్గరగా విరుగుతుంది. పెద్ద అల చాలా లోపలే విరుగుతుంది. డెబ్బై మీటర్లు అన్నది మార్చి అంకె. వానాకాలం అంకె మీదే దిబ్బ పెట్టాలి. ముప్పై ఒక్క ఏళ్ళు వాగుల విషయంలో నేను ఇంజనీర్లను అడిగింది ఇదే.

మూడు రోజులు చెప్పలేకపోయాను. సెప్టెంబరు 21, ఆదివారం, ఉదయం పది గంటలకు అబిడ్స్ వెళ్దామన్నాను. దుకాణాలన్నీ మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. కాస్త తిరిగాం. వాడు ఏ పుస్తకమూ ముట్టుకోలేదు. నా మోకాళ్ళు నొప్పి పెడితే, మూసి ఉన్న చీరల దుకాణం మెట్ల మీద కూర్చున్నాం. వాడు ఇరవై ఏడేళ్ళు ఎక్కిన మెట్లే అవి. ఎదురుగా ఒకాయన ఏది తీసినా ఒకటే ధర అని అరుస్తున్నాడు.

"తప్పు నాదిరా" అన్నాను. "నువ్వు మార్చిలో కొలిచావు. వానాకాలంలో ఎంతుంటుందని నేను అడగలేదు. తేదీ కూడా అబద్ధం రాశాను."

వాడు నా వైపు చూడలేదు. ఎదురుగా పుస్తకాల కుప్ప వైపు చూస్తూ అన్నాడు.

"నూట అరవై."

"ఏమిటి?"

"వానాకాలంల నూట అరవై ఉంటది. అంతకుముందు జూలైల కొలిచిన. దానికి ఒకటిన్నరంటే రెండు వందల నలభై. గంత లోపల దిబ్బ పెడితే ఒడ్డు నిలుస్తుండె. కని పిల్లలు గంత దూరం ఎట్ల పోతరు? ఎనిమిదేండ్ల పిల్ల రెండు వందల నలభై మీటర్లు ఎట్ల పోతది? దగ్గర్ల పెడితే రెండూ అయితయేమో అనుకున్న. ఒడ్డుకు ఒడ్డు, ఆటకు ఆట. అందుకే నీకు మార్చిదే చెప్పిన."

నేను వాడి వైపు తిరిగాను. వాడు ఇంకా పుస్తకాలనే చూస్తున్నాడు.

"నువ్వు అడుగుతవని భయపడ్డ అక్కా. ఏడు దినాలు నీ ఎదురుంగ కూసున్న. అక్క ఇడవదు, ఎప్పుడు కొలిచినవని అడుగుతది, అడిగితే చెప్పేస్త, ఆమె వద్దంటది, ఇగ ఆపేద్దం అనుకున్న. నువ్వు అడగలే. ఆడ కిటికీ కాడ గూడ అడుగుతవేమో అని చూసిన. నువ్వే పెన్ను తీసి రాసినవ్. అక్క రాసిందంటే సరిగ్గనే ఉంటది తియ్ అనుకున్న."

అప్పుడు నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. చెయ్యి పట్టుకుని ఉంటే సరిపోయేది. మూడు రోజులుగా తప్పంతా నాదేనని మోసి మోసి ఉన్నాను. అందులో సగం వాడిదని తెలియగానే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"అరవై ఐదేళ్ళొచ్చాయి" అన్నాను. "ఇంకా తప్పు చేసి, పట్టుకోమని అక్క ముందు కూర్చుంటావా? పేట మొత్తాన్నీ ముంచావు."

గొంతు పెద్దదయిందేమో, పుస్తకాలాయన అరవడం ఆపి మా వైపు చూశాడు.

"ఔ అక్కా" అన్నాడు మా తమ్ముడు. అంతే. నన్ను లేవదీసి ఆటో ఎక్కించాడు. ఇంటి దగ్గర దింపి, పైకి వెళ్ళి బ్యాగు తెచ్చుకున్నాడు. విజయవాడలో తెలిసినవాళ్ళ గోదాము ఉందనీ, అక్కడ కాపలాకు మనిషి కావాలన్నారనీ చెప్పి, చిరునామా రాసిచ్చాడు. నేను స్టేషన్‌కు వస్తానంటే, "వద్దు, మెట్లు ఎక్కి దిగి పరేషాన్ అయితవ్" అన్నాడు. బాల్కనీలోంచి చూశాను. మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు గల్లీ మలుపు తిరిగాడు. వెనక్కి చూడలేదు.

అక్టోబరు 11న పేట సంఘం పెద్ద ఫోన్ చేశాడు. ఆయనను నేను ఎప్పుడూ చూడలేదు.

"ఏవండీ, ఆయనక్కగారు మీరేనాండి? మీ తమ్ముడుగారు ఫోన్ ఎత్తట్లేదండి."

"నాకూ ఎత్తడం లేదండి" అన్నాను.

"ఆయన బల్లాట కోసం మా పడవలు లాగే రేవు పోయిందండి. మా వాళ్ళు నానా మాటలూ అన్నారు. నేనూ అన్నానండి, కాదనను. అయితే ఒక మాట మీకు చెప్పాలండి. ఆగస్టులో అనుమతిచ్చిన ఆఫీసువాళ్ళు విచారణకి వచ్చినప్పుడు ఆ కాయితం మీద తేదీ ఎవరు రాశారని అడిగారండి. నేనే రాశాను, మా అక్కకి ఏం తెలీదు, పెద్దావిడ, చెప్పింది గీసిందంతే అన్నాడండి. ఆయన బల్లాట నేర్పే లైసెన్సు రద్దు చేశారు. ఇంక ఏ ఒడ్డునా నేర్పకూడదంటండి. మీకు చెప్పాడో లేదోనని."

చెప్పలేదు. అబిడ్స్ మెట్ల మీద కూర్చున్న నాటికే ఇదంతా అయిపోయి నెల దాటింది. నేను ఆ మాట అంటున్నప్పుడు వాడు నా తప్పు కూడా తన పేరు మీద రాయించుకుని వచ్చి కూర్చున్నాడు.

అక్టోబరు 13, సోమవారం, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి ఆ ఆఫీసుకు రిజిస్టరు ఉత్తరం పంపాను. డ్రాయింగు మీది కొలిచిన తేదీ నా చేతిరాత అనీ, అది నిజమైన తేదీ కాదనీ, ఆ రోజు నేను ఎవరినీ ఏమీ అడగలేదనీ రాశాను. నా పాత హోదా, పనిచేసిన సంవత్సరాలు రాశాను. అందినట్టు కార్డు వచ్చింది. జవాబు రాలేదు. అదే ఉత్తరం నకలు గోదాము చిరునామాకు కూడా పంపాను. దాని కింద చేత్తో ఒక వాక్యం కలిపాను. అది ఇక్కడ రాయను. అది అందినట్టు కార్డు వచ్చింది, అందులో సంతకం వాడిదే.

ఇది రాస్తున్నది 2025 డిసెంబరు 20, శనివారం. పక్కింటావిడ ఇందాక వచ్చి, ఏం రాస్తున్నావమ్మా అని అడిగింది. లెక్క అన్నాను. ఆమె కూర్చోకుండా వెళ్ళిపోయింది.

పోయినవి:

ఒడ్డు, డెబ్బై ఒక్క అడుగులు.

రెండు గదుల ఇల్లు ఒకటి.

పడవలు లాగే రేవు ఒకటి. దాన్ని వాడుకునే పడవలు ఇరవై రెండు. ఇప్పుడవి మూడు కిలోమీటర్ల అవతల ఆగుతున్నాయి.

సర్ఫ్ బల్లలు తొమ్మిది. అందులో రెండు విరిగాయి. ఏడింటిని సముద్రం తీసుకుపోయింది.

నేర్చుకుంటున్న పిల్లలు పద్నాలుగు మంది. అందరూ క్షేమం. ఎవరూ నీళ్ళల్లోకి దిగడం లేదు.

నూట ఐదుకూ రెండు వందల నలభైకీ మధ్య, నూట ముప్పై ఐదు మీటర్లు.

సెప్టెంబరు 27 నుంచి ఈ రోజు దాకా, నేను చేస్తే వాడి ఫోన్ మోగి ఎవరూ ఎత్తని శనివారాలు పదమూడు.